రెండో అంతస్తులో సోమమ్మ

సోమమ్మ ఆ మధ్యాహ్నం కూడా ఎదురింట్లోనే తిన్నది.

వరసగా ఆరో రోజు. రజని వంటగట్టు మీద మూతలు పెట్టిన గిన్నెల వంక చూసి స్టూలు మీద కూలబడింది. అన్నం, పప్పుచారు, ఆలుగడ్డ వేపుడు. అత్తకు ఆలుగడ్డ ఇష్టమని భర్త ఉపేందర్ చెప్పాడని పొద్దున్నే వెళ్లి తెచ్చి చేసింది.

హాల్లో పదకొండు అట్టపెట్టెలు కట్లు విప్పకుండా అట్లాగే ఉన్నాయి. చంద్రాపూర్ నుంచి సామాన్ల లారీ మిర్యాలగూడ చేరిన మర్నాడే సోమమ్మ కూడా వచ్చి దిగింది. చేతిలో బట్టల సంచి, భుజాన గొంగడి. "కొన్ని దినాలు గీడుంట" అన్నది. మాడుగులపల్లిలో మామ ఐలయ్యను ఒక్కణ్ణే వదిలి ఎందుకొచ్చిందో చెప్పలేదు. పడకగదిలో మంచం వేస్తే వద్దంది. బాల్కనీలో గొంగడి పరుచుకుంది. అడిగితే "ఊ" అంటుంది, లేకపోతే అదీ లేదు.

తలుపు తట్టిన చప్పుడైంది. ఎదురింటి గౌరీబాయి. ఊళ్లల్లో నర్సమ్మగా పనిచేసి రిటైరైన మనిషి. ఎవరింట్లోకైనా చెప్పులు విప్పి నేరుగా వంటింట్లోకి వచ్చే చనువు ఆమెకు ఆ ఉద్యోగంతోనే వచ్చింది.

"తిన్నవా బిడ్డా?"

"ఇంక లేదు ఆంటీ. మా అత్తమ్మ తిన్నదా?"

ఆ అడగడంలోని పుల్లవిరుపు గౌరీబాయికి తెలిసింది. అయినా తొణకలేదు. "తిన్నది. రెండు జొన్నరొట్టెలు, జర కూర."

"నా వంట అంత పాడుగుంటదా ఆంటీ? కింద వాచ్‌మన్ పెండ్లాం నన్ను ఆపి అడిగింది. మీ అత్తకు అన్నం పెడ్తలేవా అని. మెట్ల మీద, అందరు వింటుంటే."

"అయితే రేపటి సంది పిలుసుడు మానేస్త. అప్పుడేం తింటదో తెలుసా నీకు? వచ్చిన దినం కింద బండి కాడ రెండు అరటిపండ్లు తిన్నది. రాత్రికి మంచినీళ్లు. నేను సూసినంక చెయ్యి పట్టి గుంజుకపోయిన."

 వచ్చిన రోజు అత్త ఏం తిన్నదో రజనికి తెలియదు. బయట తిని వచ్చిందనుకుంది.

"నీ వంట సంగతి కాదు. ఆ ఇంటి అన్నం గొంతు దిగుతలేదు గౌరమ్మా అన్నది. ఎందుకని నేనడగలే. అడగాల్సింది నువ్వు."

"అడిగితే చెప్తదా?"

"అడిగి సూడు. ఆరు దినాల సంది ఒకరి సుట్టు ఒకరు తిరుగుతున్నరు. నా ఇంట్ల కెళ్ళి సూస్తే నాకే కండ్లు తిరుగుతున్నయి."

* * *

బాల్కనీలో ఆరేసిన బట్టల మీద నల్లటి పొడి పడింది. సోమమ్మ ఒక్కొక్క బట్టే తీసి దులిపి మడతపెడుతోంది. రజని వెళ్లి దండెం రెండో కొస నుంచి తీయడం మొదలుపెట్టింది.

"ఈ బూడిద ఎక్కడిది?" సోమమ్మ అడిగింది. తనంతట తాను అడిగిన మొదటి మాట అది.

"బియ్యం మిల్లులది అత్తమ్మా. ఊక కాలుస్తరట. మా చంద్రాపూర్‌ల బొగ్గు పడుతుండె. తెల్ల బట్టలు కట్టుకోకపోయేటోళ్లం."

"ఏ ఊరి దుమ్ము ఆ ఊరికి."

ఇద్దరూ ఒక దుప్పటి రెండు కొసలూ పట్టుకుని మడిచారు. కొసలు కలిసినప్పుడు దగ్గరయ్యారు. రజని చేతిలోది వదల్లేదు.

"అత్తమ్మా, నా తోని ఏమన్న తప్పయిందా? నాకు ఇక్కడి రివాజులు తెల్వయి. మా తాత పెద్దవూర నుంచి చంద్రాపూర్ పోయిండంటరు గాని నేను పుట్టింది, పెరిగింది ఆడనే. తప్పయితే చెప్పు. దిద్దుకుంటా."

సోమమ్మ ఆమె ముఖంలోకి చాలాసేపు చూసింది. "నీకు తెల్వదా?"

"ఏంది?"

"తెలిసే తిరుగుతున్నవనుకున్న ఇన్ని దినాలు." దుప్పటి ఆమె చేతిలోంచి తీసుకుని గోడ వారగా పెట్టింది. కూర్చుంది. కూర్చునేటప్పుడు మోకాళ్ల మీద చేతులు ఆనించి మెల్లగా దిగింది.

"నలభై మూడు జీవాలుండె పిల్లా నాకు. మా అత్త నాకు మూడు గొర్లు ఇచ్చింది. అండ్లకెళ్ళి వచ్చినయి అన్ని. మందకు ముందల నీ మామ నడిచేటోడు, ఎనక నేను. పాలు తాగని పిల్లకు నోట్లె ఏలు పెట్టి అలవాటు చేసింది నేను. మొన్న బిడ్డ కాన్పుకని పెద్దవూర పోయిన. మూడు వారాలున్న. తిరిగొచ్చి సూస్తే దొడ్డి ఖాళీ. కుక్క ఒక్కటే పండుకొని ఉంది."

రజని నిలబడే వింటోంది.

"ఏడవోయినయంటే, కోదాడ గొర్ల బేరగాడు మల్లన్నకిచ్చిన అన్నడు. కొడుక్కు ఇల్లు కొన్నం అన్నడు. అమ్మితే అమ్మిండు. అండ్ల ఒక దినం పెద్దవూర వచ్చి నన్ను తోలుకపోయిండు, మిర్యాలగూడ రిజిస్టర్ ఆఫీసుకు. కొడుకు ఇంటికి నువ్వు సాక్షి ఏలుముద్ర ఎయ్యాలె అన్నడు. ఏసిన. ఫోటో దిగమంటే దిగిన. పొద్దుగూకేదాక పక్కపక్కన్నే కూసున్నం. జీవాలు ఎట్లున్నయంటే మంచిగున్నయన్నడు. అప్పటికి అమ్మి పది దినాలాయె."

కింద ఎవరో స్కూటర్ స్టార్ట్ చేస్తున్నారు. అది రెండుసార్లు దగ్గి ఆగింది.

"గందుకే ఊరిడిసి వచ్చిన. వచ్చేదాక తెల్వలే. ఈ గోడలు సూస్తే నాకు జీవాలే కనవడ్తయి. గీడ కూసొని అన్నం ఎట్ల తినాలె?"

"నాకు తెల్వదు అత్తమ్మా. బ్యాంక్ లోన్ తెచ్చిన అన్నడు నాతోని."

"నీ కోసమే గద కొన్నది."

"నా కోసమా?"

"పల్లెల ఉండనన్నవట. ఫ్లాటు ఉంటేనే చంద్రాపూర్ ఇడుస్త, లేకుంటే రానన్నవట. నీ మామ చెప్పిండు. వానికి నీ మొగడు చెప్పిండు."

రజని వచ్చి ఆమె ఎదురుగా కూర్చుంది. 

"రానని అన్న, నిజమే. ఫ్లాటు మాట నేను ఎన్నడూ అనలే."

సోమమ్మ నమ్మానని గానీ నమ్మలేదని గానీ అనలేదు. మడతపెట్టిన బట్టలు ఒక్కదాని మీద ఒక్కటి పేర్చి, "వాడొస్తడు గద పొద్దుగూకి" అన్నది.

* * *

ఉపేందర్ ఏడు గంటలకు వచ్చాడు. దామరచర్ల అవతల కొత్త కరెంటు ప్లాంటులో చేరి అతనికి ఇంకా నెల కాలేదు. బూట్లు విప్పబోతూ హాల్లో తల్లిని చూసి ఆగాడు. ఆరు రోజులుగా బాల్కనీ దాటి లోపల కూర్చోని మనిషి అట్టపెట్టె మీద కూర్చుని ఉంది. రజని వంటింటి గుమ్మానికి ఆనుకుని నిలబడింది.

"ఏమైంది?"

"ఫ్లాటు నేనడిగిన్నా?" అంది రజని. గొంతు పెంచలేదు.

అతను వంగి ఒక బూటు తాడు విప్పాడు. రెండోది విప్పడానికి ఎక్కువసేపు తీసుకున్నాడు.

"చాయ్ తాగి మాట్లాడుకుందాం."

"చాయ్ పెట్టలే. నేనడిగిన్నా, లేదా?"

"లేదు."

"మరి నాయినకు ఏమని చెప్పినవ్?" సోమమ్మ అడిగింది.

ఉపేందర్ గోడకు ఆనుకుని నేల మీద కూర్చున్నాడు. "ఎనిమిదేండ్లు అయింది అమ్మా చంద్రాపూర్ పోయి. నాకు ఇటే రావాలని ఉండె. ప్లాంటుల జాగ పడ్డదని తెలిసింది. రజని ఏమో రానంటది. నాయిన ఫోన్ చేసినప్పుడల్లా ఎప్పుడొస్తవ్ బిడ్డా అంటుండె. ఒక దినం అన్న, ఫ్లాటు ఉంటే రజని వస్తది నాయినా అని. ఉత్తగనే అన్న. నెల తిరగకముందే ఫోన్ చేసి, జీవాలు అమ్మిన, ఇల్లు సూడు అన్నడు. తక్కువ పడ్డది నేను దాసుకున్న పైసలు కలిపిన."

"అప్పుడన్న నాకు చెప్పొచ్చు గద," అన్నది సోమమ్మ.

"వద్దన్నడు. మీ అమ్మకు నేను చెప్పుకుంట అన్నడు."

"నాకు లోన్ అన్నవు," అంది రజని.

"గొర్లు అమ్మి కొన్నరంటే నువ్వు వచ్చేదానివా?"

"రాకపోదును."

"గందుకే చెప్పలే."

ఈ మాట అన్నాక అది ఎట్లా వినిపించిందో అతనికే తెలిసింది. తల దించుకున్నాడు.

"నాయిన పానం మంచిగ లేదు, జీవాల ఎంట తిరగలేకపోతున్నడు, మనం దగ్గరుండాలె అన్నవు," అంది రజని. "నేను అది నమ్మి వచ్చిన. మమ్మీ ఏడుస్తుంటే ఇడిసి వచ్చిన. దవాఖాన ల్యాబ్‌ల ఆరేండ్ల కొలువు ఇడిసిన. ఈడికొచ్చి చూస్తే జీవాలే లేవు. ఉన్న ముగ్గురికి మూడు కథలు చెప్పినవ్ నువ్వు. అండ్ల ఒక కథల నేను చెడ్డదాన్ని."

"చెడ్డదానివని నేను అనలే రజనీ."

"అననక్కర్లే. అత్తమ్మ ఆరు దినాలు అన్నం ముట్టలే."

 పై ఫ్లాటులో కుర్చీ జరిపిన చప్పుడు వినిపించింది.

"ల్యాబ్‌ల నా జాగ నెలాఖరు దాక ఎవ్వరికీ ఇయ్యం అన్నరు," అంది రజని కొంతసేపటికి. "ఇంక తొమ్మిది దినాలుంది. నీకు ఈ మాట చెప్పకుండ ఉంటే నేను గూడ నీ లెక్కనే అయిత. గందుకే చెప్తున్న."

ఉపేందర్ ఆమె వైపు చూశాడు.  తల్లి వైపు తిరిగాడు.

"అమ్మా, ఇంకొకటి ఉంది. అది గూడ చెప్పేస్త. ఆ దినం నువ్వు ఏసిన ఏలుముద్ర సాక్షిది కాదు. కొన్నోళ్లది. ఈ ఇల్లు నీ పేరు మీద ఉంది."

"నా పేరు మీదనా?"

"నాయిన పట్టువట్టిండు. నా పేరు వద్దన్నడు, రజని పేరు వద్దన్నడు. తన పేరు గూడ వద్దన్నడు. మీ అమ్మ పేరు మీదైతేనే కొంట, లేకుంటే లేదన్నడు. ఎందుకని అడిగిన. చెప్పలే."

సోమమ్మ కిటికీని, తలుపును, ఇంకా బల్బు పెట్టని హోల్డర్‌ను చూసింది. సంతోషమో కోపమో ముఖంలో తెలియలేదు. మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచింది. వంటింటి గుమ్మంలో రజని పక్కకు జరిగి దారిచ్చింది.

"నిజంగ అడగలేదా పిల్లా ఫ్లాటు?"

"లేదు అత్తమ్మా."

"పప్పుచారు ఉందా?"

"పగటిది. వేడి చేస్తా."

"పెట్టు. నువ్వు గూడ పెట్టుకో."

ఇద్దరూ వంటింట్లో కింద కూర్చుని తిన్నారు. సోమమ్మ వేపుడు రెండోసారి పెట్టించుకుంది. హాల్లో ఉపేందర్ కదలలేదు. సగం తిన్నాక ఆమె చెయ్యి ఆపి, "వాన్ని గూడ పిలువు. ఆకలి మీదున్నోనితోని పంచాయితీ ఏంది," అన్నది.

* * *

మర్నాడు ఆదివారమైనా ఉపేందర్‌కు డ్యూటీ ఉంది. అతను వెళ్లాక రజని ఒక అట్టపెట్టె కట్టు విప్పింది. విప్పాలా వద్దా అని పొద్దున్నంతా అనుకుని, ఆఖరికి గిన్నెలదైనా విప్పుదామనుకుంది. సోమమ్మ ఇల్లంతా తిరిగి చూస్తోంది. స్నానాల గదిలో కుళాయి తిప్పి, నీళ్లు కారేదాకా చూసి, కట్టేసింది.

పదకొండింటికి ఫోన్ వచ్చింది. తెలియని నంబరు.

"అమ్మా, నేను సూర్యాపేట బస్టాండ్ల చాయ్ అమ్ముకుంట. నా పేరు ఉప్పలమ్మ. గీడ ఒక పెద్దమనిషి కూసున్నడు, ఐలయ్య అట. జేబుల చీటీ మీద రెండు నంబర్లుంటే మొదటిది ఎత్తుతలేరు. మిర్యాలగూడ పోవాల్నని కోదాడల బస్సెక్కిండట. గీడ దిగినంక తెలిసిందట సూర్యాపేట అని. జర వచ్చి తోలుకపోండ్రి. ఆగమాగమున్నడు."

రజని ఫోన్ పెట్టేసి విషయం చెప్పింది. సోమమ్మ కొంగు సవరించుకుంది.

"కోదాడ ఎందుకు పోయిండు? నలభై ఏండ్ల సంది తిరిగిన దారి. బోర్డు సదవడం గూడ వస్తది."

"నేను పోయి తీసుకొస్తా. నువ్వుండు."

"నేను గూడ వస్త. నేను వచ్చిన్నని నీ మామకేం చెప్పకు."

సూర్యాపేట చేరేసరికి పన్నెండున్నర దాటింది. ఆదివారం బస్టాండు పెళ్లిళ్లకు పోయేవాళ్లతో నిండి ఉంది. ప్లాట్‌ఫారం చివర సిమెంటు బల్ల మీద ఐలయ్య కూర్చుని ఉన్నాడు. తెల్ల ధోవతి, మోకాళ్ల మధ్య కట్టె. వచ్చే ప్రతి బస్సు వైపూ ముఖం తిప్పుతున్నాడు.

సోమమ్మ పది అడుగుల దూరంలో ఆగిపోయింది. అతను ఇటు చూశాడు. రజని నవ్వబోయింది. అతని చూపు వాళ్ల మీదుగా జారి వేరే వైపు వెళ్లింది.

సోమమ్మ నడిచి సరిగ్గా అతని ముందు నిలబడింది. మాట్లాడలేదు.

ఐలయ్య మెడ అటూ ఇటూ వంచాడు. "జర పక్కకు జరుగమ్మా," అన్నాడు మర్యాదగా. "బస్సు వస్తే కనవడాలె."

సోమమ్మ అట్లాగే ఉంది. వెనక్కి తిరిగి కోడలి వంక చూసింది. ఆ ముఖం రజనికి కొత్తది. ఆరు రోజుల కోపంలో కూడా అట్లా చూడలేదు ఆమె.

"నేనే," అన్నది సోమమ్మ.

ఐలయ్య చేతిలో కట్టె నేల మీద ఒకసారి జారింది. పట్టుకున్నాడు. తల వంచుకున్నాడు.

"ఎప్పటి సంది?"

"పోయిన వానాకాలం సంది. మొదలు మసక మసక ఉండె. ఇప్పుడు మనిషి వచ్చిండని తెలుస్తది. ఎవరో తెల్వదు."

"జీవాలు ఎట్ల కాసినవ్ మరి?"

"సప్పుడు మీద." కట్టెను మోకాళ్ల మధ్యకు లాక్కున్నాడు. "రెండు గొర్రెపిల్లల్ని నక్క ఎత్కపోయిందన్న గద నీకు. నక్క కాదు. కాలువల పడ్డయి. మునిగేటప్పుడు అరుపు ఇనవడ్డది. ఏ దిక్కునో తెల్వలే నాకు."

సోమమ్మ బల్ల మీద అతని పక్కన కూర్చుంది. ఇద్దరి మధ్య ఒక మనిషి పట్టేంత జాగా ఉంది. రజని ఆ జాగాలో కూర్చోకుండా ఎదురుగా నిలబడింది.

"పక్కల పండుకునే మనిషిని. నేను సూడలే," అన్నది సోమమ్మ.

"కనవడనియ్యలే నేను."

"చెప్తే ఏమైతుండె?"

"మంద నువ్వు తోలుకపోదువు. నీ మోకాళ్లతోని. వద్దంటే ఇంటవా? పిల్లగాడు ఫ్లాటు మాట తెచ్చిండు. కోడలు అడిగిందన్నడు. అమ్మేటందుకు నాకు ఒక సాకు దొరికినట్టయింది." రజని అక్కడే ఉన్న సంగతి అతనికి తెలుసో తెలియదో. "పాపం, ఆ పిల్ల పేరు పెట్టుకొని అమ్మిన."

"ఇల్లు నా పేరు మీద ఎందుకు పెట్టినవ్?"

"ఈ కండ్లు పోతయి సోమా. నాదేమున్నది, ఎవరి పంచన్నయినా ఎల్లిపోతది. నువ్వు కొడుకు కాడున్నా, కోడలు కాడున్నా, నీ ఇంట్లనే ఉన్నట్టు ఉండాలె. గంతే."

 పల్లెవెలుగు బస్సు ఒకటి వచ్చి ఆగింది. జనం ఎక్కారు, దిగారు, పోయింది.

"కోదాడల ఏం పని?"

"మల్లన్న కాడ మనయి ఏమన్న మిగిలినయేమో సూద్దామని నిన్న పోయిన. పదహారు ఉన్నయి. సూలుతోని ఉన్నయని అమ్మలేదట. ఒక్కొక్కదాన్ని తడిమి సూసిన. చెవి చీలినది ఉంది గద, నీ చేతుల పాలు తాగింది, అది ఉంది. తిరిగి ఇస్తనన్నడు. పైసలు మెల్లగ ఇయ్యిమన్నడు."

రజని ముందుకు వచ్చింది. "మామా, నేను రజనిని. జర నీ కండ్లు చూస్తా."

అతను ఉలిక్కిపడ్డాడు. తర్వాత చిన్నపిల్లవాడిలా ముఖం పైకెత్తాడు. ఆమె రెప్ప ఎత్తి వెలుతురు వైపు తిప్పి చూసింది.

"శుక్లం లెక్క కనిపిస్తున్నది. అదే అయితే ఆపరేషన్ చేస్తరు, చానా మందికి చూపు వస్తది. డాక్టర్ చూసి చెప్పాలె గాని. షుగర్ ఉందా మామా?"

"ఎవరు సూపిచ్చుకున్నరు బిడ్డా."

"మొదలు అది చూడాలె. షుగర్ ఉంటే తగ్గినంకనే చేస్తరు. తర్వాత గూడ నెల రోజులు చుక్కలు ఎయ్యాలె. గంటలు చూసుకొని."

సోమమ్మ ఆ మాటలన్నీ జాగ్రత్తగా విన్నది.

* * *

మిర్యాలగూడ బస్సులో ముగ్గురికీ ఒకే సీటు దొరికింది. ఐలయ్య కిటికీ పక్కన కూర్చుని, ఊరు దాటకముందే నిద్రపోయాడు. రాత్రంతా మల్లన్న కొట్టంలో గొర్ల మధ్యనే ఉన్నాడట. మధ్యలో సోమమ్మ, ఈ చివర రజని.

"ఊర్ల ఉంటే ఈయన దవాఖానకు పోడు," అన్నది సోమమ్మ, ఎదుటి సీటును చూస్తూ. "నా మాట ఇనడు. మిర్యాలగూడల ఉంచాలె."

"ఉంచుదాం అత్తమ్మా."

"నేను ఊరికి పోత. ఆ పదహారింటిని తెచ్చుకుంట."

"మోకాళ్లో?"

"నలభై మూడు కాదు గద. పదహారే. దగ్గర్ల మేపుకుంట." కోడలి వైపు తిరిగింది. "అయితే నిన్నొక మాట అడగాలె. నా ఇంట్ల ఈయన్ని పెట్టి పోతే, గంటలు సూసుకొని సుక్కలు ఏసేది నువ్వే. వాడు పొద్దుగాల పోతే మాపటికి వస్తడు. నిన్న అన్నవ్, నీ ఊళ్లె నీ కొలువు ఉన్నదని. తొమ్మిది దినాలన్నవు. ఇయ్యాలటికి ఎనిమిది."

రజని చేతులు ఒళ్లో పెట్టుకుని వింటోంది.

"నువ్వు పోతనంటే పో. నేను ఒక్క మాట అనను, అననియ్యను. ఈయన సంగతి ఇంకో తీరు సూసుకుంట. ఉంటనంటే ఉండు. కోడలివి గద ఉంటదిలే అని నేను అనుకుంట లేను. అడుగుతున్న. ఉంటవా, పోతవా?"

ఉంటానని చెప్పడం తేలిక. ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా. పక్కన ముసలాయన తల కిటికీ ఊచకు తగులుతుంటే సోమమ్మ తన చెయ్యి మధ్యలో పెట్టింది. అది చూస్తూ కాదని ఎవరనగలరు? కానీ చంద్రాపూర్‌లో ఆమె బల్ల, ఆమె తెల్లకోటు, పొద్దున్నే వరసలో నిలబడి అక్కా అన్నట్టు "రజనీ తాయీ" అని పిలిచే మనుషులు, వాళ్లు కూడా ఉన్నారు. మూడేళ్ల కింద పెళ్లప్పుడు గానీ, పది రోజుల కింద సామాన్లు కట్టినప్పుడు గానీ, పోతావా ఉంటావా అని ఎవరూ అడగలేదు. అడగకపోతే జవాబు గురించి ఆలోచించే పని ఉండదు. ఇప్పుడు ఉంది.

"రేపటి దాక టైమియ్యి అత్తమ్మా."

"తీసుకో. నీ బతుకు గద."

 కొంతదూరం పోయాక సోమమ్మ అరచేతిని మోకాలి మీద పెట్టుకుని మెల్లగా రుద్దుకోవడం మొదలుపెట్టింది. రజని అటు చూడకుండా ఉండటానికి ప్రయత్నించింది.

ఫోన్ మోగింది. ఉపేందర్. అప్పటికే నాలుగుసార్లు చేశాడు.

"నాయిన దొరికిండా?"

"దొరికిండు. మంచిగున్నడు. పండుకున్నడు." కండ్ల సంగతి రెండు ముక్కల్లో చెప్పింది. అవతల మిషన్ల చప్పుడు వినిపిస్తోంది.

"నాకు తెల్వదు రజనీ. నిజంగ తెల్వదు."

"ఈ ఒక్కటి నమ్ముతున్న."

"అమ్మ ఏమంటున్నది?"

"నన్నొకటి అడిగింది. రేపు చెప్తానన్న."

"ఏమడిగింది?"

"ఉంటవా, పోతవా అని."

మిషన్ల చప్పుడు ఇంకా దగ్గరగా వినిపించింది. అతను ఫోన్‌ను చెవికి గట్టిగా ఆనించుకున్నట్టున్నాడు.

"ఏం చెప్తవ్? నాకు ఇప్పుడే చెప్పు."

"రేపు చెప్తా," అంది రజని. "అడిగినోళ్లకు."